ఆగిన రెక్క

గోదారి ఇసుక ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు బంగారం. మాకు మాత్రం శని. మా ఊరు పెదమొగ దగ్గర, గోదారి పాయ సముద్రంలో కలిసే ఇరుకు చోట, నీళ్ళ అడుగున మా టర్బైను ఉంది. సముద్రం పోటు వచ్చినప్పుడు ఒకవైపు, నీళ్ళు వెనక్కి పోయే పాటు తీసినప్పుడు రెండోవైపు తిరుగుతూ కరెంటు ఇస్తుంది. దాని రెక్కలు గాజునారను రెసిన్‌తో పొరలు పొరలుగా అతికించి చేసినవి. తుప్పు పట్టవు, తేలిగ్గా ఉంటాయి, అన్నీ మంచి గుణాలే. ఇసుక ముందు మాత్రం నిలవవు. నీళ్ళతో కొట్టుకొచ్చే రేణువులు పగలూ రాత్రీ తగిలి తగిలి, రెండు వానాకాలాలు గడిచేసరికి రెక్క అంచు ఎలుకలు కొరికిన చాపలా తయారయ్యేది. కొత్తది బిగించాలంటే పెద్ద పడవ రావాలి, క్రేను రావాలి, అంతదాకా అవతలి లంక ఊళ్ళన్నీ చీకట్లో ఉండాలి.

నా పేరు ఇందుమతి. ఒడ్డునే ఉన్న ప్రయోగశాలలో రెక్కల పూతలకు ఇసుక పరీక్ష పెట్టడం నా ఉద్యోగం. ఇసుక కలిపిన నీళ్ళను పంపుతో సన్నటి ధారగా చేసి, పూత పూసిన ముక్క మీద కొట్టించి, ఎంత అరిగిందో తూచి చెప్పాలి. మా పెద్దాయన డాక్టర్ భానోజీరావు. టర్బైను దగ్గర నీళ్ళలోకి దిగి మరమ్మతులు చేసేది నా భర్త సత్తిరాజు. మా మేనత్త కొడుకే. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని బావా అనే పిలుస్తాను.

నాకు భయాలు ఎక్కువని ఊళ్ళో అందరికీ తెలుసు. గ్యాసు కట్టానో లేదో అని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకాన్ని. సత్తిరాజు నీళ్ళలోకి దిగిన ప్రతిసారీ, పైకి తేలేదాకా నాకు గొంతులోకి మెతుకు దిగదు. ఆయనకు అదంతా వేళాకోళం. నీ భయమంతా మూటగట్టి నా నడుముకు కట్టెయ్యి, సీసం గుళ్ళు అక్కర్లేకుండానే మునిగిపోతాను అనేవాడు. నేను తిట్టేదాన్ని. ఆయన వినిపించుకోకుండా దిగిపోయేవాడు.

భానోజీరావుగారు రెక్కలకు వెయ్యని పూత లేదు. గట్టిది వేస్తే పగిలేది, మెత్తటిది వేస్తే చిరిగేది. చివరికి ఆయన ఆలోచన తిరగేశాడు. ఇసుకను ఆపలేనప్పుడు దాన్ని తినే పూత చేద్దాం అన్నాడు. మేమంతా మొహమొహాలు చూసుకున్నాం. ఆల్చిప్ప లోపల పెంకును పెంచే పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలోని కణాలను ఏవేవో మార్పులు చేసి, రెసిన్ మీద బతికేలా తయారుచేశాడు. ఇసుక రేణువు తగిలితే ఆ పూత మేలుకుంటుంది. తగిలినదాన్ని పట్టుకుని జిగురు చుట్టి, చూస్తుండగానే రాయిలా బిగిసిపోతుంది. దెబ్బే దానికి మేత. మరీ మందంగా పెరిగితే ఆ పైపొరను జోరుగా వచ్చే ఇసుకే రాల్చేస్తుంది. పెరిగేది పెరుగుతూ, రాలేది రాలుతూ పూత ఎప్పుడూ ఒకే మందంలో ఉంటుంది.

మొదటిసారి దాన్ని ధార కింద పెట్టి తీసి తూచినప్పుడు ముక్క బరువు తగ్గకపోగా కాస్త పెరిగింది. తక్కెడ పాడైందనుకుని ఇంకోదాని మీద తూచాను. అదీ అదే చెప్పింది. భానోజీరావుగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారే, ఇసుకకు అలాంటిది దొరికింది. మేమంతా ఆ పూతను పెంకు అని ముద్దుగా పిలుచుకున్నాం.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇసుక యంత్రాన్ని ఎప్పుడూ ఆపేవాళ్ళం కాదు. ఆపితే ఇసుక గొట్టాల వంపుల్లో కూర్చుని సిమెంటులా బిగుస్తుంది, దాన్ని తవ్వి తీసేసరికి తాతలు దిగొస్తారు. అందుకని ముక్క మార్చాలంటే ధారను పక్క తొట్టిలోకి మళ్ళించి మార్చుకునేవాళ్ళం. తీసిన ముక్కను వెంటనే ఆరబెట్టేవాళ్ళం, ఆరితే పూత నిద్రపోయేది. ఆయుధపూజకు కూడా, తిరుగుతున్న పంపుకే పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టేవాళ్ళం. ఇసుక కొట్టే నీళ్ళలో పెంకు ఎలా ఉంటుందో మాకు తెలుసు, పొడిగా ఉంటే ఎలా ఉంటుందో తెలుసు. నిలిచిన నీళ్ళలో రోజంతా ఉంటే ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు. పోటుకూ పాటుకూ మధ్య నీళ్ళు కాసేపు నిలుస్తాయి గాని, ఆ కాసేపట్లో ఏ తేడా కనిపించలేదు. ప్రపంచంలో ఉన్న అన్నిటికీ భయపడే నాకు కూడా, ఆగిపోవడానికి భయపడాలని తట్టలేదు.

టర్బైనుకు ఆ పూత వేశాక ఒక వానాకాలం వెళ్ళింది. గోదారి ఎర్రగా పొంగి, మట్టీ ఇసుకా మొత్తం మా మీదే దిమ్మరించి పోయింది. సత్తిరాజు దిగి చూసొచ్చి, రెక్కలు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయని చెప్పాడు. లంకల్లో దీపాలు ఒక్కరోజు కూడా ఆరలేదు. భానోజీరావుగారిని పిలిచి శాలువాలు కప్పారు.

తర్వాత దసరా వచ్చింది.

మా పెదమొగలో నవమినాడు పనిముట్లు అమ్మవారి ముందు పెడితే, దశమి పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. వలలు తడవవు, బోటు ఇంజన్లు మోగవు, దర్జీ మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. టర్బైను నడిపే నూకరాజన్న కూడా ప్రతి దసరాకూ దానికి బ్రేకు వేసేవాడు. యంత్రమైతే మాత్రం దానికి ఒక సెలవు వద్దా అనేవాడు. పాత రెక్కలప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ అది. భానోజీరావుగారు కూడా సరే అన్నాడు, లంకలకు ఒక రోజుకు సరిపడా కరెంటు బ్యాటరీల్లో ఉంది. నవమి పొద్దున్నే బ్రేకు వేశారు. సత్తిరాజు దిగి, రెక్క మొదట్లో పసుపు గుడ్డా మామిడాకులూ కట్టి వచ్చాడు.

ఆ రోజంతా ఇంట్లో పండగే. సత్తిరాజు తన ముఖతొడుగూ కత్తీ దేవుడి గదిలో పెట్టి, ఇక పని లేదు గదా అని వంటింట్లోకి చొరబడ్డాడు. పులిహోర తానే కలుపుతానని పళ్ళెం లాక్కున్నాడు. పోపు ఎక్కువైందని నేను, ఉప్పు తక్కువైందని ఆయన వాదించుకున్నాం. ఎన్నాళ్ళకో ఒక రోజంతా నాకు గుండెలో బరువు లేదు. ఆయన నీళ్ళలో లేడు, నా కళ్ళ ముందున్నాడు.

దశమి పొద్దున ఇంట్లో ముఖతొడుగుకు పూజ చేసి వెళ్ళేసరికి జెట్టీ మీద జనం నిండిపోయారు. నీళ్ళు నిలిచిన వేళ చూసుకుని సత్తిరాజు దిగాలి, గుడ్డ విప్పాలి, రెక్కలు ఒకసారి చూసి పైకి రావాలి. ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టి బ్రేకు వదులుతారు. పడవ మీది యంత్రం నుంచి ఆయనకు గొట్టంలో గాలి వెళ్తుంది, తీగ ఫోనులో మాట పైకీ కిందికీ వినిపిస్తుంది. నేను ఎప్పటిలాగే జెట్టీ అంచున ఫోను పెట్టె పక్కనే కూర్చున్నాను. పూజారిగారు మంత్రాలు చదువుతున్నారు.

"పాచి బాగా పట్టేసిందే," అన్నాడు సత్తిరాజు లోపల్నించి. "మెత్తగా జున్నులాగుంది. సేత్తో తుడిచేత్తాను."

ఈ పూత మీద పాచి పట్టదు. ఇంతకాలంలో ఎన్నడూ పట్టలేదు.

"బావా, ముట్టుకోకు," అన్నాను.

చాలా మామూలుగా, పక్కింట్లో ఉండి పిలిచినట్టు అన్నాడు. "ఇందూ, సెయ్యి రావట్లేదు."

భానోజీరావుగారు పూజ పీఠం దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. నుదుటి మీద బొట్టు చెమటకు కారుతోంది. ఆయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. దెబ్బలు ఆగిపోయాయి, అంటే మేత ఆగిపోయింది. ఆకలేసిన పూత మెత్తటి వేళ్ళు చాపుకుని రెక్కకూ ఇరుసుకూ మధ్య సందంతా పాకింది. సత్తిరాజు చెయ్యి పెట్టి తుడవబోయాడు. ఆ రాపిడే దానికి దెబ్బ. దెబ్బ తగిలింది కాబట్టి బిగిసింది. ఆయన లాక్కున్నకొద్దీ ఇంకా బిగిసింది.

కదలవద్దని ఫోనులో చెప్పాను. సరే అన్నాడు. నూకరాజన్న కూడా ఈతలో ఆరితేరినవాడే. ఇంకో ముఖతొడుగూ గాలి గొట్టమూ తగిలించుకుని కత్తితో దిగాడు. రెండు పోట్లు పొడిచేసరికి కత్తి కూడా అందులోనే ఇరుక్కుపోయింది. వట్టిచేతులతో పైకి వచ్చి, నా వైపు చూడకుండా భానోజీరావుగారి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలుసు. మణికట్టు దగ్గర నరికి తీసుకొచ్చేద్దామని.

గాలికి కొరత లేదు. కొరతల్లా వేళకే. ఇంకాసేపట్లో పాటు మొదలవుతుంది. ఆ ఇరుకులో పాటు తీస్తే గేదె కూడా నిలవదు. మనిషిని నీళ్ళు ఒకవైపు ఈడుస్తాయి, చెయ్యి మాత్రం కదలదు. పైగా ఆ నీళ్ళ నిండా ఇసుక. మొదట్లో అది మెల్లగా వచ్చి పూతకు కడుపునిండా మేత అవుతుంది. అది చెయ్యి దాటి మోచేయికి, మోచేయి దాటి గాలి గొట్టానికి పాకుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

నాకు ఆ క్షణంలో కంగారు లేదు. ఎందుకు లేదో ఇప్పటికీ తెలియదు. బహుశా అంతకాలం నేను భయపడింది దేనికో అది వచ్చేసింది కాబట్టి, ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదేమో. ఇసుక ధార తెప్పించండి సార్ అన్నాను. భానోజీరావుగారు నా మొహంలోకి చూశాడు. నీకు మతిపోయిందా, ఆ ధార పడితే ఎముక కూడా మిగలదు అన్నాడు.

"ఏటవాలుగా పడితే మిగలదు. నిటారుగా, ఎదురుగా కొడదాం," అన్నాను. "పెంకు ఎదురు దెబ్బకే పగులుతుంది. రబ్బరు, తోలు లాంటివి వాలు దెబ్బకు చీరుకుపోతాయి గాని ఎదురు దెబ్బను ఓర్చుకుంటాయి. ఆయన చేతికి రబ్బరు తొడుగుంది. ఇదంతా మీరు నేర్పిందే కదా సార్."

ఆయన తనే పరుగెత్తి ప్రయోగశాలలో పంపుకు పొడవాటి గొట్టం తగిలించాడు. పూజకు వచ్చిన జనమంతా కలిసి ఆ బరువైన గొట్టాన్ని జెట్టీ చివరిదాకా మోసుకొచ్చారు. జానెడు దూరం నుంచి కొట్టాలి, దూరమైతే నీళ్ళలో జోరు చచ్చిపోయి దానికి మేతే అవుతుంది. దగ్గరైతే రబ్బరు కూడా ఆగదు. నూకరాజన్న ధార మూతిని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ దిగాడు.

నేను ఫోను పట్టుకున్నాను. "బావా, నొప్పి పుడుతుంది."

"పుట్టనీ."

"చెయ్యి బిగబట్టకు. వదిలేసినట్టు ఉంచు. నూకరాజన్న చేతిని నీ ఎడం చేత్తో ఎత్తి పట్టుకో, ధార వాలనివ్వకు."

"పాటు తిరిగిందే ఇందూ," అన్నాడు. "కాళ్ళకి తెలుత్తంది."

ధారను ఆ గొట్టంలోకి మళ్ళించారు. ఇన్నేళ్ళుగా నేను రోజూ విన్న చప్పుడే. ముక్కల మీద పడుతున్నప్పుడు ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. కాలుతున్న నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటూ పెంకు రాలడం ఫోనులో వినిపిస్తోంది, నూకరాజన్న చేసే సైగలు తాడు ద్వారా తెలుస్తున్నాయి. ఒకసారి లాగితే సరిగ్గా జరుగుతున్నట్టు, రెండుసార్లు లాగితే ఆపమన్నట్టు. ఒకసారి లాగాడు. మళ్ళీ ఒకసారి లాగాడు. పాటు జోరందుకుంటోంది, జెట్టీ కర్రల చుట్టూ నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఆ జోరుకు నూకరాజన్న తట్టుకోలేక ఒక్కసారి ధార వాలింది. అప్పుడు ఫోనులో వచ్చిన శబ్దం ఎలా ఉందో నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా చెప్పను.

ఇద్దరినీ తాళ్ళతో లాగి పడవలోకి చేర్చారు. సత్తిరాజు మొహం సున్నం కొట్టినట్టుంది, కళ్ళు మాత్రం నన్ను వెతుక్కుంటున్నాయి. చెయ్యి వచ్చింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ రాలేదు. ప్రాణం దక్కిందని జెట్టీ మీద ఆడవాళ్ళు అమ్మవారికి దండాలు పెట్టారు. నేను కూడా పెట్టాను.

అంతటితో అయిపోయిందనుకున్నాం.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతిని శుభ్రం చేసి కుట్లు వేసింది. కదలకుండా ఉండాలని మెత్తగా కట్టు కట్టింది. రెండో రోజు పొద్దున కట్టు విప్పి చూసి, తలుపు దగ్గరగా వేసి నన్ను లోపలికి పిలిచింది. అరచేతి అంచున, వాలిన ధార చర్మాన్ని చీల్చిన చోట, బూడిదరంగు మచ్చ ఉంది. వేలితో తాకితే ఆల్చిప్ప వీపులా గరుకుగా తగిలింది. ఇసుకతోపాటు పూత కూడా గాయంలోకి వెళ్ళింది. వెళ్ళి, వెచ్చగా తడిగా ఉన్న ఒంట్లో బతికింది. కట్టు లోపల చెయ్యి కదల్లేదు, అందుకని అది మళ్ళీ వేళ్ళు చాపడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ గీకేసింది. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది.

ఆ సంగతి విని భానోజీరావుగారు మర్నాడే వచ్చాడు. అక్కడ టర్బైనుకు బ్రేకు వదిలేశారట. కొద్దిరోజులు తిరిగేసరికి పెరిగిందంతా అరిగి, రెక్కలు ఏమీ ఎరగనట్టు నున్నగా అయిపోతాయట. లంకల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదని బోర్డు పెట్టారు. నాకు వినాలని లేదు.

ఆయన సంచిలోంచి చిన్న యంత్రం ఒకటి తీశాడు. పళ్ళు తోముకునే బ్రష్షు అంత మోటారు, దానికి సన్నటి ఇసుక నీళ్ళ ధార. రాత్రంతా కూర్చుని చేశానన్నాడు. పొద్దునా సాయంత్రం దీనితో ఆ మచ్చను రుద్దితే చాలు, పలచగా ఉండిపోతుంది, పైకి పాకదు, చెయ్యి దక్కుతుంది. చెబుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మనసులో అపరాధభావం ఉన్న మాట నిజం. కాని "మనిషి ఒంటి మీద కూడా బతికిందంటే..." అని మొదలుపెట్టి, నన్ను చూసి మిగతా మాట మింగేశాడు. ఆ మింగిన మాటకు ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది.

డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. ఇప్పుడైతే మణికట్టు పైన తీసేస్తే సరిపోతుంది. ఇంకా పాకితే ఎక్కడ తీయాలో తనకు తెలియదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమంది.

సత్తిరాజు ఆ యంత్రాన్ని ఎడం చేత్తో తిప్పి తిప్పి చూశాడు. "సార్, ఒక పూట మర్సిపోతే?"

"మర్చిపోకూడదు," అన్నాడు భానోజీరావుగారు.

"జొరం వచ్చి ఇద్దరం పడిపోతే? గాలివాన వచ్చి ఇల్లే లేకపోతే?"

సత్తిరాజు ఆయన్ని టీ తాగి రమ్మని బయటికి పంపించాడు.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను చేస్తాను బావా అన్నాను. నా ఉద్యోగమే అది, ఇన్నేళ్ళు ముక్కలకు చేశాను, నీకు చేయలేనా అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. అంటూనే నా లోపల గడియారం తిరగడం మొదలైంది. ఇలాంటి యంత్రాలు ఎన్ని దాచుకోవాలి, ఇసుక ఎక్కడ నిలవ చేయాలి, నాకేదన్నా అయితే ఎవరికి నేర్పాలి, ఆయన ఊరెళ్తే నేనూ వెళ్ళాలి, నిద్రలో ఆ చెయ్యి ఎంతసేపు కదలకుండా ఉంటుంది, లేచి చూడాలా, ఎన్నిసార్లు లేవాలి. చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగిన మనిషి ఆయన. నా మొహం మీద అవన్నీ ఒక్కొక్కటిగా చదువుకున్నాడు.

"నా సెయ్యికి కాపలా కాత్తా నువ్వు బతకొద్దే," అన్నాడు. "తీసెయ్యమని సెప్పు."

"ఇక నీళ్ళలోకి దిగలేవు బావా."

"దిగను."

అప్పుడు నాకు ఏడుపు రావాలి. వచ్చింది ఏడుపు కాదు, ఊరట. ఇక ఈయన దిగడు. పెళ్ళయిన నాటి నుంచి ఏ దేవుణ్ణీ పైకి అడగడానికి నోరు రాక, లోలోపల మొక్కుకున్నది అదే. ఆ మొక్కు ఇలా తీరుతుంటే నా ఒంట్లో ప్రతి నరం తేలికపడింది, నేను వద్దనుకున్నా తేలికపడింది. సిగ్గుతో మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఆయన చూసేశాడు.

కోపం రాలేదు ఆయనకు. వచ్చినా బాగుండేది. కట్టు కట్టిన చేతిని ఎడం చేత్తో నెమ్మదిగా దుప్పటి కిందికి జరుపుకున్నాడు, నాకు కనబడకుండా.

"ఎళ్ళి సెప్పిరా," అన్నాడు. "నేనే ఒప్పుకున్నానని సెప్పు."

నేను వెళ్ళి చెప్పాను.